ఉర్దూ కావాలంటే అటు పో!

"మామూ, మైనర్‌లో క్యా డాలూఁ?"

రాత్రి పదిన్నర. డెస్కులో పేజీ వదిలే హడావుడిలో ఉండగా మా ఆపా కూతురు ఫోన్. పంతులమ్మ శిక్షణ రెండో ఏడులోకి వచ్చింది. ఒకటి నుంచి అయిదో తరగతి దాకా అన్నీ చెప్పడం ఎలాగో అందరూ నేర్చుకుంటారు. అది గాక, ఆరు నుంచి ఎనిమిది తరగతులకు చెప్పడానికి ఒక సబ్జెక్టు ఎవరికి వాళ్లు ఎంచుకోవాలి. కాలేజీ పిల్లలు దాన్ని మైనర్ అంటారట. మాతృభాష, ఇంగ్లిష్, లెక్కలు, సైన్సు, సోషల్. కాగితం మీద ఒక గడి. ఆ గడిలో ఒక్క మాట రాయాలి. మర్నాడే ఆఖరు రోజు.

ఇంట్లో అప్పటికే పంచాయితీ అయిపోయింది. దుల్హాభాయి లెక్కలు పెట్టమన్నాడు, ట్యూషన్లు చెప్పుకోవచ్చునని. ఆపా ఇంగ్లిష్ అంది. నానీ ఒక్కతే "ఉర్దూ లేలే మా, అప్నీ జబాన్ హై" అంది. పిల్ల మనసులోనూ అదే ఉంది. ఆఫీసు గదిలోకి వెళ్లి అడిగింది. ఫారంలో మాతృభాష అని ఉంది గదా సార్, మాది ఉర్దూ, అదే రాయనా అని. లోపల కూర్చున్నాయన తల ఎత్తకుండానే చెప్పాడట: "నువ్వు తెలుగు మీడియం. నీకు మాతృభాష అంటే తెలుగు. ఉర్దూ కావాలంటే అటు పో."

అటు అంటే ఎటు? ఆ కాలేజీలో ఉర్దూ సెక్షనే లేదు.

'అటు పో' అనే మాట మాకు కొత్తది కాదు. 1947 నుంచి వింటున్నాం. చెయ్యి చూపించే దిక్కు మాత్రం అప్పుడప్పుడూ మారుతుంటుంది. ఈసారి ఆ మాట అన్నాయన చెడ్డవాడేమీ కాదు. రూల్సు చూసి చెప్పాడు. నా తగాదా ఆయనతో కాదు, ఆ రూల్సుతో. ఆ రూల్సు వెనకున్న బుర్రతో. మాట దాచుకోవడం దేనికి, ఆ బుర్రలో సగం మాది కూడా.

ఈ పిల్ల ఈ కోర్సులో చేరడం వెనక ఒక లెక్క ఉంది. 2018లో బీఎడ్ చేసినవాళ్లు కూడా ప్రాథమిక పాఠశాలల్లో చెప్పొచ్చని జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి నోటిఫికేషన్ ఇచ్చింది. దాంతో రెండేళ్ల డిప్లొమా విలువ పడిపోయింది. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఆ నోటిఫికేషన్ చెల్లదంది. చిన్న పిల్లలకు చదువు చెప్పడం వేరే విద్య అనీ, దానికి వేరే శిక్షణ కావాలనీ ఒప్పుకుంది. 2024 ఫిబ్రవరి 29న తెలంగాణ ప్రభుత్వం 11,062 టీచర్ పోస్టులకు ప్రకటన ఇస్తే అందులో 6,508 సెకండరీ గ్రేడ్ టీచర్లవే. (పేరు సెకండరీ, పని ఒకటో తరగతిలో. మన సర్కారు పేర్లు పెట్టే తీరే అంత.) ఆడపిల్లకు ఊరి పక్కన ఉద్యోగం, నెలకు జీతం, పైగా గౌరవం. ఆపా లెక్క అది. లెక్కలో తప్పేం లేదు.

తప్పంతా ఆ 'ఎంచుకో' అన్న మాటలో ఉంది. ఇరవయ్యేళ్ల పిల్లను పట్టుకొని ఎంచుకో అంటున్నారు గాని, ఆమె భాష ఏదో ఆమె ఆరో ఏటనే తేలిపోయింది. మా బస్తీలో ఉర్దూ ప్రాథమిక పాఠశాల అంటే ఒక గది, ఒక టీచరు, అయిదు తరగతులు. ఆ టీచరుకు జనాభా లెక్కలు, ఓటర్ల జాబితాలు, ట్రైనింగులు. వానొస్తే బడి లేదు. ఆపా నాలుగు రోజులు చూసి, పిల్ల చెయ్యి పట్టుకొని రెండు వీధుల అవతలున్న తెలుగు మీడియం బడిలో చేర్పించి వచ్చింది. ఆమె వదులుకున్నది భాషను కాదు, కారే కప్పును. అయితే రికార్డుల్లో కారే కప్పుకు గడి ఉండదు. మీడియం అన్న గడి ఒక్కటే ఉంటుంది. అందులో 'తెలుగు' అని పడింది. అంతే, ముద్ర పడిపోయింది.

ఆ ముద్ర ఎంత దూరం వస్తుందో చూడండి. టెట్‌లో మొదటి పేపరు 150 మార్కులకు. అందులో 30 మార్కులు మొదటి భాషకు. ఆ మొదటి భాష అభ్యర్థి బడిలో చదివినదై ఉండాలి. డీఎస్సీలో ఉర్దూ మీడియం పోస్టు కావాలంటే పదో తరగతి ఉర్దూ మీడియంలోనో, ఉర్దూ మొదటి భాషగానో చదివి ఉండాలి. ఇంట్లో పొద్దున్నుంచి రాత్రి దాకా మాట్లాడే భాష, కలల్లో కూడా వచ్చే భాష లెక్కలోకి రాదు. అమ్మ భాషకు సర్టిఫికెట్ అమ్మ ఇస్తే చెల్లదు, పదో తరగతి మెమో ఇవ్వాలి.

రాజ్యాంగంలో 350ఎ అధికరణం ఉంది. 1956లో చేర్చారు. భాషాపరంగా మైనారిటీలైన పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే వసతి కల్పించమంటుంది. అంతకు ముందే, 1949లో, రాష్ట్రాల విద్యామంత్రులు కూర్చొని ఒక కొలత పెట్టారు. తరగతిలో 10 మంది గాని, బడి మొత్తంలో 40 మంది గాని వేరే మాతృభాష పిల్లలుంటే వాళ్ల కోసం కనీసం ఒక టీచరును వెయ్యాలని. మా ఆపా కూతురు చదివిన తెలుగు బడిలో ఉర్దూ మాట్లాడే పిల్లలు తరగతికి పది కాదు, ఇరవై మంది ఉండేవారు. ఒక్క రోజూ ఒక్క ఉర్దూ టీచరు ఆ గుమ్మం తొక్కలేదు. ఎందుకంటే అది 'తెలుగు' బడి. ఉర్దూ కావాలంటే అటు పోవాలి!

సెక్యులర్ మిత్రులారా, మీతో ఒక మాట. ఈ సంగతి చెప్పగానే మీలో కొందరు ఎంతో ప్రేమగానే అడుగుతారు. "ఎందుకండీ ఇంకా ఈ ఉర్దూ పట్టింపు? మీరు తెలుగు ఇంత బాగా రాస్తారు కదా!" నా పాతికేళ్ల పత్రికా జీవితంలో ఈ మెచ్చుకోలు ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. డిగ్రీలో చరిత్ర, ఆర్థికశాస్త్రం, రాజనీతిశాస్త్రం చదువుతూ రెండో భాషగా తెలుగు తీసుకున్నాను. మొదటి రోజు హాజరు పిలిచిన లెక్చరర్ నా పేరు దగ్గర ఆగి, "క్లాసు తప్పు వచ్చినట్టున్నావు బాబూ" అన్నాడు. క్లాసంతా నవ్వింది. మూడేళ్ల తర్వాత ఆయనే "నీ తెలుగు బాగుందోయ్" అన్నాడు. ఆ రెండు మాటలూ ఒకటేనని అర్థం కావడానికి నాకు చాలా కాలం పట్టింది. పిఠాపురంలో ఉమర్ ఆలీషా తెలుగులో పద్యాలు రాశాడు, అవధానాలు చేశాడు, 1945లో పోయాడు. ఇన్నేళ్ల తర్వాత కూడా ముస్లిం తెలుగు రాస్తే వింతేనా?

ఇంటర్మీడియట్‌లో మీ పిల్లలు తెలుగు వదిలేసి సంస్కృతం తీసుకుంటారు. భక్తితో కాదు, మార్కుల కోసం. నూటికి తొంభై తొమ్మిది వస్తాయని. వాళ్లను ఎవరూ అడగరు, నీ అమ్మ భాషను ఎందుకు వదిలావు, తెలుగు జాతికి ద్రోహం చేస్తున్నావా అని. వాళ్లకది సబ్జెక్టు. మా పిల్ల ఉర్దూ అనేసరికి అది సబ్జెక్టుగా ఉండదు. అస్తిత్వం అవుతుంది, మతం అవుతుంది, వేర్పాటు అవుతుంది. మీ పిల్లలకున్న ఆ హక్కు, ఏ అర్థమూ లేకుండా ఒక సబ్జెక్టు ఎంచుకునే హక్కు, మా పిల్లకు కావాలి. మేమడిగేది అంతే.

ఇక మా పెద్దలతో.

మా ఖౌమ్ నాయకులు మైకు పట్టుకున్నారంటే ఉర్దూ మా జాన్, ఉర్దూ మా షాన్. ముషాయిరాకు పూలదండలు, శాలువాలు. 1966 అధికార భాషా చట్టంలోనే ఉర్దూకు చోటుందని, 2017లో తెలంగాణ మొత్తానికి రెండో అధికార భాష అయిందని, 2022లో ఆంధ్రప్రదేశ్ కూడా చట్టం చేసిందని చప్పట్లు. నాయకుల పిల్లలెక్కడ? ఇంగ్లిష్ మీడియంలో. ఉర్దూ మీడియం ఎవరికి? ఆటోవాలా కొడుక్కి, బీడీలు చుట్టే బేవా కూతురికి. తహసీల్ ఆఫీసు బోర్డు మీద ఉర్దూ అక్షరాలు వచ్చాయి, నిజమే. ఆ అక్షరాలు చదవడం నేర్పే మనిషి ఎక్కడ? బోర్డు చదవడం రాని తరానికి బోర్డులు కట్టిస్తున్నారు.

ఇంకొకటి. ఉర్దూ రాకపోతే ముసల్మానే కాదన్నట్టు మాట్లాడేవాళ్లు మాలో ఉన్నారు. దూదేకుల, నూర్‌బాష్ అన్నదమ్ముల ఇళ్లలో తెలుగే మాట్లాడతారు. తరాల నుంచి తెలుగులోనే నవ్వారు, ఏడ్చారు, దువా చేశారు. వాళ్లను చూసి 'ఆధే ముసల్మాన్' అని నవ్వినవాళ్లు మా గల్లీలోనే ఉన్నారు. మా ఇంట్లోనూ ఉన్నారు, అబద్ధం ఎందుకు! ఒక కులం భాషను మతంతో ముడేసి వాళ్లను వెలేసిన మేం, ప్రభుత్వం అదే ముడి వేసి మమ్మల్ని వెలేస్తే గోల పెడుతున్నాం. ఉర్దూ ఇస్లాం భాష కాదు, తెలుగు హిందూ భాష కాదు. ఈ మాట ముందు మా దస్తర్‌ఖాన్ దగ్గర చెప్పుకోవాలి, ఆ తర్వాత మీ వేదికల మీద.

రోస్టరు సంగతి కూడా చెప్పాలి. ఉర్దూ మీడియం పోస్టుల్లో ఎస్సీ, ఎస్టీలకు కేటాయించినవి అభ్యర్థులు లేక మిగిలిపోతుంటాయి. డీఎస్సీ తర్వాత డీఎస్సీ ఇదే తంతు. మా సంఘాలు వెంటనే వినతిపత్రం పట్టుకొని బయల్దేరతాయి, ఆ పోస్టులను ఓపెన్ చెయ్యండి అని. నాకూ తెచ్చారు. నేను సంతకం పెట్టలేదు. దళితుల వాటా తీసి మాకు పెట్టమని అడిగే నోటితో రేపు మా 4 శాతం గురించి ఎలా మాట్లాడతాం? 2007 చట్టంతో వచ్చిన ఆ బీసీ-ఇ వాటా ఎన్ని కోర్టుల గుమ్మాలు ఎక్కిందో మర్చిపోయామా? అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. ఉర్దూ నేర్చుకున్న దళిత పిల్ల, లంబాడీ పిల్లడు ఒక్కరూ ఎందుకు లేరు? వాళ్లకు ఎవరు నేర్పారు గనక! ఉర్దూను ఒక మతం పేర రిజిస్ట్రేషన్ చేసేసి, ఇప్పుడు వేరేవాళ్లు రావడం లేదని రోస్టరు మీద పడితే ఎలా?

సంతకం పెట్టనందుకు ఒక ఉర్దూ మీడియం పంతులు నా మీద మండిపడ్డాడు. "మీ ఆదర్శం బాగుంది భాయిజాన్, ఈలోగా నా బడిలో రెండు కుర్చీలు ఖాళీ. పిల్లలు ఈలోగా పెద్దవాళ్లయిపోతారు." అతను చెప్పింది నిజం. తాత్కాలికంగా మనుషుల్ని వెయ్యమని అడుగుదాం అన్నాను. ఏళ్ల తరబడి విద్యా వలంటీర్లతోనే నెట్టుకొచ్చాం, ఇంకెంత తాత్కాలికం అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. సంతకం మాత్రం ఇప్పటికీ పెట్టలేదు.

ఒకప్పుడు ఈ నేలమీద ఉర్దూ అందరిదీ. ఆదిలాబాద్ జిల్లాలో బడిపంతులుగా పనిచేసిన సామల సదాశివ ఉర్దూ, ఫారసీ సాహిత్యాలను తెలుగువాళ్లకు చెప్పాడు. దాశరథి గాలిబ్‌ను తెలుగు చేసిన పుస్తకం 1961లో వచ్చింది. వాళ్లకు ఆ భాష ఏ మతం మార్చుకుంటేనో రాలేదు, బడిలో వచ్చింది. అయితే ఆ బడిని తల్చుకొని మురిసిపోవడం నావల్ల కాదు. నిజాం రాజ్యంలో చదువుకు భాష ఉర్దూ, కచేరీకి భాష ఉర్దూ. ఇంట్లో తెలుగు మాట్లాడి బడికొచ్చిన రైతు పిల్లవాడు అర్థం కాని పుస్తకం ముందు నోరు మూసుకొని కూర్చున్నాడు. ఆ అన్యాయం మీద తెలంగాణ తెలుగువాళ్లు పోట్లాడారు. న్యాయంగానే పోట్లాడారు. గ్రంథాలయాలు పెట్టి, పత్రికలు పెట్టి భాషను దక్కించుకున్నారు. ఆ నోరు మూసుకున్న పిల్లవాడి మనవలే ఇవాళ విద్యాశాఖలో రూల్సు రాస్తున్నారు. అదే బల్ల మీద ఇప్పుడు ఇంకో పిల్లవాడు నోరు మూసుకొని కూర్చున్నాడు. వాణ్ణి గుర్తుపట్టాల్సింది ఎవరికన్నా ముందు మీరు కదా!

వాడు ఊహల్లో పిల్లవాడు కాదు. మొన్న బోధనాభ్యాసానికి మా ఆపా కూతుర్ని ఒక ప్రాథమిక పాఠశాలకు పంపారు. ఒకటో తరగతిలో ఒక పిల్లవాడు గోడకు ఆనుకొని కూర్చునేవాడు. బడిలో చేరి నాలుగు నెలలు. ఒక్క మాట మాట్లాడలేదు. మాటలు రావేమో, డాక్టరుకు చూపించమని తల్లికి చెప్పాలనుకుంటున్నారు. ఒకరోజు మధ్యాహ్న భోజనం దగ్గర వాడి పళ్లెం పడిపోయింది. ఏడవడం మొదలుపెట్టాడు. ఈ పిల్ల వెళ్లి పక్కన కూర్చొని, "కైకూ రోరా రే? ఔర్ ఖానా లాఊఁ?" అంది. వాడు ఏడుపు ఆపి, ముఖం తుడుచుకొని, "నక్కో, అండా హోనా" అన్నాడట. గుడ్డు కావాలట! నాలుగు నెలల మూగవాడు ఆ పూటంతా వాగుతూనే ఉన్నాడు. వాళ్ల మేక గురించి, పడిపోయిన పన్ను గురించి, సౌదీలో ఉన్న అబ్బా గురించి. తరగతి టీచరు మంచి మనిషే. "పోనీలే, మాట్లాడాడు" అని సంతోషించి, వెంటనే అంది: "కానీ అమ్మా, తెలుగులో మాట్లాడించు. లేకపోతే అలవాటు కాదు."

తెలుగు అలవాటు కావాలి. అందులో నాకు రెండో మాట లేదు. 2018లో తెలంగాణ అన్ని బడుల్లో తెలుగు తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చినప్పుడు ఉర్దూ పత్రికల్లో కొందరు విసుక్కుంటే, నేను దాన్ని సమర్థిస్తూ రాశాను. ఉర్దూ మీడియం పిల్లకు తెలుగు రాకపోతే బస్సు బోర్డు నుంచి బ్యాంకు ఫారం దాకా అన్నిచోట్లా ఇంకొకరి మీద ఆధారపడాలి. అయితే చట్టం ఒకవైపే నడిచింది. ఉర్దూ బడిలోకి తెలుగు వెళ్లింది. ఉర్దూ మాట్లాడే పిల్లలతో నిండిన తెలుగు బడిలోకి ఉర్దూ రాలేదు.

వచ్చినా అది ఏ ఉర్దూ? పాఠ్యపుస్తకం 'ముఝే నహీఁ చాహియే' అంటుంది. మా పిల్లవాడు 'మేరేకు నక్కో' అంటాడు. పుస్తకంలో 'క్యోఁ', మా నోట్లో 'కైకూ'. పుస్తకంలో లడ్కా, మా గల్లీలో పొట్టా. ఢిల్లీ, లక్నోల జబాన్ ముందు మా దక్కనీ తప్పుల తడక. మా నానీ భాషను మా మౌల్వీసాబ్ కూడా బాజారీ అంటాడు. తెలంగాణ మిత్రులకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. మీ యాసను పుస్తకాల్లోంచి వెలేసి, సినిమాల్లో విలన్లకూ కమెడియన్లకూ ఇచ్చినప్పుడు మీకెంత కాలిందో గుర్తుంది కదా. తెలుగు మీడియంలో సగం పరాయివాడు, ఉర్దూ మీడియంలో ఇంకో సగం పరాయివాడు మా పిల్లవాడు. ఇక్కడే ఒక మాట చెప్పి పోవాలి: మా పిల్లలంతా మదర్సాల్లో మగ్గుతున్నారని మీరనుకుంటారు. మదర్సాలకు వెళ్లేది నూటికి నలుగురికి మించరని సచార్ కమిటీ 2006లోనే లెక్క తీసింది. మిగతా వాళ్లందరూ మీ బడుల్లోనే ఉన్నారు. గోడకు ఆనుకొని కూర్చున్నది మీ గోడకే.

అందుకని మేమడిగేది ఉర్దూ మీడియం ఒక్కటే కాదు. పంతుళ్ల శిక్షణలో చేరిన ఎవరైనా, ఏ మీడియం వాళ్లయినా, ఏ మతం, ఏ కులం వాళ్లయినా, రెండో భాషను ఒక సబ్జెక్టుగా తీసుకునే వీలుండాలి. తెలుగు మీడియం వాళ్లకు ఉర్దూ, ఉర్దూ మీడియం వాళ్లకు తెలుగు. ఆదిలాబాద్‌లోనైతే గోండి, ఇంకోచోట లంబాడీ మాట. పదో తరగతి మెమో చూసి తోసెయ్యడం మానేసి, భాష వచ్చునో రాదో పరీక్ష పెట్టి చూడండి. 1949లో పెట్టిన ఆ పది మంది, నలభై మంది కొలతను తెలుగు బడులకూ వర్తింపజెయ్యండి. అప్పుడు పదేళ్లలో రోస్టరులో ఉర్దూ వచ్చిన దళిత పంతులు కూడా దొరుకుతాడు. మా పిల్లవాడికి 'కైకూ రోరా' అని అడిగేది ముస్లిం టీచరే అయ్యుండాలన్న నియమం ఏమీ లేదు. ఎల్లమ్మ టీచరు అడిగినా వాడు గుడ్డు కావాలనే అంటాడు.

పొద్దున్నే ఫోన్ చేశాను. ఏమని చెప్పాలో అప్పటికీ తేలలేదు. ఉర్దూ అని రాసి గొడవ పెట్టుకో అందామనుకున్నాను. గొడవ పెట్టుకుంటే ఫారం తిప్పి పంపుతారు, ఏడాది పోతుంది. నా వ్యాసం కోసం ఆమె ఏడాది ఎందుకు పోవాలి? నేను నోరు తెరిచే లోపలే చెప్పింది. "తెలుగు డాల్ దీ మామూ. కైకూ బోలే తో, తెలుగు మేరేకు పసంద్ హై." నచ్చిందట. నానీ కోసమూ కాదు, ఆఫీసు సారు కోసమూ కాదు. నేను ఈ కోణమే ఆలోచించలేదు.

ఆదివారం మధ్యాహ్నం ఇంటికి వచ్చింది. పాత ఉర్దూ కాయిదా ఉందా అని అడిగింది. చిన్నప్పుడు మసీదులో ఖురాన్ నాజరా చేసింది గనక అలిఫ్, బే గడగడా చదివేస్తుంది. అరబ్బీలో లేని పే, చే, టే, గాఫ్ దగ్గరకొచ్చేసరికి ఆగిపోతుంది. గంటసేపు కూర్చున్నాం. వెళ్తూ వెళ్తూ కాయిదా సంచిలో పెట్టుకుంది. ఆ పిల్లవాడి బడికి ఇంకా పదిహేను రోజులు వెళ్లాలట. వాడికి గాఫ్‌తో గాయ్ చూపిస్తానంది. తెలుగులో 'ఆవు' అని కూడా దాని పక్కనే రాస్తుందట. టీచరు ఒప్పుకుంటుందా అని అడిగాను.

"ఆమె ఉదయం రెండు పీరియడ్లు రాదు మామూ" అంది.